బర్జెస్ వలయాలా, హోయ్ట్ ముక్కలా: నగరాన్ని ఏది బాగా చెబుతుంది?

1925లో సమాజ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ బర్జెస్ అమెరికా నగరం షికాగోను వలయాలుగా గీశాడు. నడుమ 'లూప్' అనే వ్యాపార కేంద్రం. దాని చుట్టూ ఫ్యాక్టరీలూ చవక అద్దె గదులూ కలగలిసిన సంధి ప్రాంతం. ఆపైన కార్మికుల ఇళ్లు, మధ్యతరగతి ఇళ్లు, చివరగా రోజూ రైలెక్కి పనికొచ్చేవాళ్ల శివార్లు. 1939లో భూమి ధరల ఆర్థికవేత్త హోమర్ హోయ్ట్ 142 అమెరికన్ నగరాల అద్దెలు చూసి, నగరం కేంద్రం నుంచి పిజ్జా ముక్కల్లా బయటికి సాగుతుందన్నాడు.

మ్యాప్ వరకు నా ఓటు హోయ్ట్‌కే. షికాగోకు తూర్పున మిషిగన్ సరస్సు ఉంది కాబట్టి వలయాలు ఎలాగూ సగమే. పైగా డబ్బున్నవాళ్లు ఆ ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళ్లారు.

కానీ ఒక పేట ఎందుకు మారింది అంటే బర్జెస్ దగ్గరికే రావాలి. కొత్త వలసదారులు చవక గదుల్లో దిగుతారు, కాస్త నిలదొక్కుకున్నాక బయటి వలయానికి మారతారు, ఖాళీ అయిన చోటికి ఇంకొకరు వస్తారు. మొక్కల శాస్త్రం నుంచి తెచ్చుకున్న ఈ చొరబాటు, అనుక్రమం అనే ఆలోచనలు బొమ్మ పాతబడినా పనికొస్తున్నాయి.

ఇద్దరూ తేలిపోయేది షికాగోలోని నల్లవారి పేటల పట్టీ, 'బ్లాక్ బెల్ట్' దగ్గర. అది సహజంగా పెరిగింది కాదు. నల్లవారికి ఇల్లు అమ్మబోమని తెల్ల యజమానులు ఒప్పందాలు రాసుకున్నారు. వాటిని కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో గానీ చెప్పలేదు. మొక్కలు దస్తావేజులు రాసుకోవు కదా! హోయ్ట్ సంగతి ఇంకా ఇబ్బందికరం: భూమి ధరలపై ప్రభావాన్ని బట్టి 1933లో జాతులకు ర్యాంకులిచ్చి నల్లవారిని, మెక్సికన్లను అట్టడుగున పెట్టాడు. తర్వాత ఆయన పనిచేసిన ఫెడరల్ గృహ రుణ బీమా సంస్థ నల్లవారి పేటలను దూరం పెట్టింది.

అందుకే ఈ రెండింటి పక్కన సమాజ శాస్త్రవేత్త వాల్టర్ ఫైరీని కూడా చదవాలి. బోస్టన్‌లో బీకన్ హిల్ వ్యాపార కేంద్రాన్ని ఆనుకునే ఉన్నా పాత కుటుంబాలు కదల్లేదని 1945లో చూపించాడు. మమకారం కూడా భూమిని పట్టి ఉంచుతుందని ఆయన వాదన.

హైదరాబాద్‌కైతే ఈ బొమ్మలకన్నా, భూగోళ శాస్త్రవేత్తలు హారిస్, ఉల్మన్ 1945లో చెప్పిన బహుళ కేంద్రాల నమూనా దగ్గరగా ఉంటుంది: చార్మినార్, సికింద్రాబాద్, హైటెక్ సిటీ. అయితే సికింద్రాబాద్ బ్రిటిష్ కంటోన్మెంట్‌గా పుట్టింది, 1998 నాటి సైబర్ టవర్స్ వెనుక ప్రభుత్వం ఉంది. భూమి కోసం పోటీ ఒక్కటే వాటిని అక్కడ నిలబెట్టలేదు.