ఆస్మోలారిటీ పెంచాలంటే ఉప్పా, మానిటాలా, సుక్రోజా?

జంతుకణాల కోసం ద్రావణం కలిపారు. దాని ఆస్మోలారిటీ, అంటే లీటరులో కరిగి ఉన్న కణికల మొత్తం, 310 మిల్లీఆస్మోల్స్ కావాలి; దాన్ని కొలిచే ఆస్మోమీటర్ చూపిస్తున్నది 286. ఆ 24 మిల్లీఆస్మోల్స్ దేనితో పూడ్చాలి? చేతికందే సీసాలు సాధారణంగా మూడు: సోడియం క్లోరైడ్ (ఉప్పు), మానిటాల్ (ఒక చక్కెర ఆల్కహాల్), సుక్రోజ్ (మామూలు పంచదార). ఏది వేసినా మీటరు మీద అంకె 310కి వస్తుంది. కణానికి మాత్రం ఆ మూడూ ఒకటి కావు. నా మటుకు, వేరే బలమైన కారణం లేకపోతే మానిటాలే వేస్తాను.

ముందు ఉప్పు సంగతి. చవక, ఎప్పుడూ ఉంటుంది, క్షణాల్లో కరుగుతుంది. ఒక అణువు రెండు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి 24 పెరగడానికి కాగితం మీద లీటరుకు 12 మిల్లీమోల్స్, అంటే 0.70 గ్రాములు చాలు. మీటరులో మాత్రం అంకె అంతకన్నా కాస్త తక్కువే పెరుగుతుంది. ద్రావణంలో అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి, అందుకే సోడియం క్లోరైడ్ ఆస్మాటిక్ కోఎఫిషియంట్ (లెక్కలో వచ్చినదానిలో నిజంగా కనిపించే వంతు) 0.93 దగ్గర ఉంటుంది. 0.9 శాతం సెలైన్‌కి లెక్క కడితే 308 వచ్చి, మీటరులో పెడితే 286 దరిదాపుల్లో కనిపించేది ఇందువల్లే. లెక్కలో వచ్చిన అంకెను సీసా మీద రాసేసి ఊరుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి.

ఉప్పుతో అసలు ఇబ్బంది అది కాదు. క్లోరైడ్ 130 నుంచి 145 మిల్లీమోలార్‌కి (లీటరుకు మిల్లీమోల్స్) పెరిగితే గది ఉష్ణోగ్రత దగ్గర క్లోరైడ్ సమతుల్య విభవం, అంటే క్లోరైడ్ రాకపోకలు సరిసమానమయ్యే పొర వోల్టేజి, దాదాపు 3 మిల్లీవోల్టులు జరుగుతుంది. సోడియం లోపలికి వచ్చే ఒత్తిడీ మారుతుంది. ఆ తర్వాత కణం స్పందన మారిందనుకోండి, అది ఆస్మోలారిటీ వల్లా, సోడియం వల్లా, క్లోరైడ్ వల్లా? తేల్చే దారి ఉండదు. మూత్రపిండం లోపలి పొర కణాల మీద పనిచేసేవాళ్ల విషయం వేరు. ఆ కణాలు శరీరంలోనే ఉప్పు, యూరియా దట్టంగా ఉన్న చోట బతుకుతాయి, కాబట్టి అక్కడ ఉప్పు వేయడమే న్యాయం.

మానిటాల్‌కి విద్యుదావేశం లేదు, పొర దాటి లోపలికి పెద్దగా పోదు, క్షీరద కణాలు దాన్ని దాదాపుగా వాడుకోవు. అణువుకి ఒక కణిక, అంతే. అణుభారం 182.17 కాబట్టి 24 మిల్లీఆస్మోల్స్‌కి లీటరుకు 4.37 గ్రాములు, అర లీటరుకు 2.19 గ్రాములు. తూకం వేసి కలిపితే మీటరు లెక్కకు చాలా దగ్గరగా వస్తుంది.

దీని అసలు విలువ కణాలను ఉబ్బించే ప్రయోగాల్లో తెలుస్తుంది. సోడియం క్లోరైడ్‌ను 90 మిల్లీమోలార్‌కి తగ్గించి, లోటును మానిటాల్‌తో పూడ్చి 300కి తెస్తారు. అదే వంటకంలో మానిటాల్ మానేస్తే తక్కువ ఆస్మోలారిటీ ద్రావణం సిద్ధం. రెండు సీసాల్లోనూ అయాన్లన్నీ ఒకటే, తేడా మానిటాల్ ఒక్కటే. ఉబ్బినప్పుడు తెరుచుకునే క్లోరైడ్ ఛానెళ్లను చూడాలంటే ఇంత శుభ్రమైన కంట్రోల్ ఉప్పుతో ఎలా వస్తుంది? నీళ్లు పోసి పలుచన చేసినా రాదు, ఎందుకంటే కాల్షియం, పొటాషియం, బఫర్ అన్నీ పడిపోతాయి.

మానిటాల్‌కి లోపాలు లేకపోలేదు. 25 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్లకి 18 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే కరుగుతుంది, చల్లబడితే ఇంకా తక్కువ. ఆసుపత్రుల్లో 20 శాతం మానిటాల్ సీసాలో స్ఫటికాలు కడితే వెచ్చబెట్టి కరిగించాకే వాడేది ఇందుకే. కోల్డ్ రూములో పెట్టిన చిక్కటి స్టాక్ అడుగున స్ఫటికాలు పేరుకుని ఉంటే, పైనున్న ద్రవంలో లేబుల్ చెప్పినంత మానిటాల్ ఉండదు. ఇంకొకటి: ఇది హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను (ఆక్సీకరణతో కణాలను దెబ్బతీసే చురుకైన కణికలను) పట్టేస్తుంది. ఆక్సీకరణ ఒత్తిడి మీద ప్రయోగమైతే మానిటాల్ జోలికి పోకండి.

సుక్రోజ్ అయితే అదే 24కి 8.2 గ్రాములు కావాలి. చల్లటి నీళ్లలో కూడా ఎంతైనా కరుగుతుంది. గాఢత పెరిగేకొద్దీ జిగట పెరుగుతుంది, ఘనపరిమాణమూ పెరుగుతుంది. ఆటోక్లేవ్ చేస్తే (ఒత్తిడితో కూడిన ఆవిరిలో వేడిచేసి స్టెరిలైజ్ చేస్తే), ముఖ్యంగా పీహెచ్ తక్కువగా ఉంటే, కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. ఒక అణువు రెండైతే ఆస్మోలారిటీ మీకు తెలియకుండానే ఎక్కుతుంది. ఫిల్టర్‌తో స్టెరిలైజ్ చేసుకోవడం మేలు. ఈస్ట్‌కి అసలు పనికిరాదు, దాని ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ సుక్రోజ్‌ను చీల్చేస్తుంది. అందుకే గోడ తీసిన ఈస్ట్ కణాలను 1 మోలార్ సార్బిటాల్‌లో (మరో చక్కెర ఆల్కహాల్) ఉంచుతారు.

అయినా రెండు చోట్ల సుక్రోజ్‌దే పైచేయి. మెదడు ముక్కలు కోసేటప్పుడు సోడియం లోపలికి దూసుకెళ్లి న్యూరాన్లు ఉబ్బి చావకుండా, కోత ద్రావణంలో సోడియం క్లోరైడ్ బదులు సుక్రోజ్ పెడతారు. మొక్కల ప్రోటోప్లాస్ట్‌లను (గోడ తీసిన కణాలను) శుద్ధి చేసేటప్పుడు 21 శాతం సుక్రోజ్ మీద అవి పైకి తేలి, చెత్త అడుగుకి పోతుంది.

గ్లూకోజ్ కణాలు తినేస్తాయి. యూరియా మీటరులో అంకె పెంచుతుంది గానీ పొర దాటి లోపలికి పోతుంది కాబట్టి కణం ఎక్కువసేపు కుంచించుకుని ఉండదు. ఈ పనికి రెండూ వద్దు.

ఏది వేసినా వరుస మాత్రం మార్చకండి. పీహెచ్ ముందు సరిచేయాలి, ఎందుకంటే అక్కడ వేసే సోడియం హైడ్రాక్సైడ్ కూడా లెక్కలోకి వస్తుంది. తర్వాత నీళ్లతో పూర్తి కొలతకి తెచ్చి, 290 ప్రామాణిక ద్రావణంతో మీటరు సరిచూసి, నమూనాను కనీసం మూడుసార్లు కొలవండి. ఇథనాల్ కలిసిన ద్రావణమైతే ఘనీభవన మీటరులోనే (గడ్డకట్టే ఉష్ణోగ్రతను బట్టి కొలిచేది) చూడాలి, ఆవిరి పీడన మీటరు దాన్ని సరిగా పట్టదు. మొదటి వంటకాన్ని లక్ష్యం కన్నా 10, 20 తక్కువ వచ్చేలా రాసుకోవడం మంచి అలవాటు. తక్కువైతే మానిటాల్ పొడి వేసి ఎక్కించొచ్చు, ఎక్కువైతే నీళ్లు పోయక తప్పదు, అప్పుడు అన్నీ పలుచనవుతాయి. 37 డిగ్రీల వాటర్ బాత్‌లో మూత తీసి ఉంచిన ద్రావణాన్ని ప్రయోగానికి ముందు మళ్లీ కొలవండి. నీరు ఆవిరై 310 ఎప్పుడో దాటి ఉండొచ్చు.