ఇంటి కంప్యూటర్‌కు విండోస్ 7 మేలా, విండోస్ 11 మేలా?

విండోస్ 7ను ఇప్పటికీ తలచుకునేవారి మాట ఉత్త మమకారం కాదు. 2009 అక్టోబరులో వచ్చిన దాని 32 బిట్ రూపానికి 1 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్కు స్థలం సరిపోయేవి. మార్చదలచిన వాటిలో చాలా మటుకు కంట్రోల్ ప్యానెల్‌లోనే దొరికేవి. టాస్క్‌బార్‌ను తెరకు ఏ అంచుకైనా జరుపుకోగలిగేవాళ్ళం. అంతకు ముందటి విండోస్ ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు విరిగిపోకుండా కనిపించడానికి సీడీ పెట్టి అదనపు ఫైళ్ళు ఎక్కించుకోవలసి వచ్చిన అవస్థ కూడా ఇందులో లేదు.

2021లో వచ్చిన విండోస్ 11 కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం అడుగుతుంది; నా అనుభవంలో 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్కు కన్నా వేగమైన డిస్కు) లేనిదే అది సాఫీగా నడవదు. సెట్టింగులు కొన్ని కొత్త చోట, కొన్ని పాత కంట్రోల్ ప్యానెల్‌లో మిగిలి ఉండగా, రైట్ క్లిక్ చేస్తే కావలసిన ఆప్షన్ తరచు 'షో మోర్ ఆప్షన్స్' వెనక దాగి ఉంటుంది. చేతికి అలవాటుపడే తీరులో, నా దృష్టిలో, పాతదే మెరుగు.

అయినా నేను విండోస్ 7ను ఇంటర్నెట్ వాడే ఇంటికి సిఫారసు చేయను. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ 109వ వెర్షన్ తరువాత దానిపై నడవదు. 2017 మేలో, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే వైరస్ వ్యాపించినప్పుడు, అంతకు రెండు నెలల ముందే వచ్చిన అప్‌డేట్‌ను వేసుకోని యంత్రాలే దాని పాలబడ్డాయి. ఇక అప్‌డేట్ అన్నదే రాని వ్యవస్థలో బ్యాంకు పాస్‌వర్డు కొట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. పైగా విండోస్ 7తో వచ్చే డిఫెండర్ అనే రక్షణ ప్రోగ్రామ్ స్పైవేర్‌ను (మన సమాచారం దొంగచాటుగా సేకరించే ప్రోగ్రాములను) మాత్రమే పట్టేది. విండోస్ 8 నుంచే అది పూర్తిస్థాయి యాంటీవైరస్ అయింది.

చిక్కల్లా నడుమనున్న విండోస్ 10 వాడుకరులది. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌నూ, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్‌నూ కోరుతుంది కాబట్టి, నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో దానికి అర్హం కావు. ఈ నిబంధన భద్రతకు మేలే గాని, ఇంటివారికి అన్యాయమనే అంటాను. అటువంటి యంత్రానికి ఎస్‌ఎస్‌డీ అమర్చి విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే, బ్రౌజింగ్‌కూ ఉత్తరాలకూ లెక్కలకూ ఏ లోటూ ఉండదు. ముందుగా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు.

విండోస్ 7ను నేను ఒకేఒక్క పనికి ఉంచుకున్నాను: కొత్త డ్రైవర్ రాని పాత స్కానర్ ఒకటి దానితోనే నడుస్తుంది. ఆ కంప్యూటర్‌కు నెట్ కనెక్షన్ ఇవ్వలేదు. స్కాన్ చేసినవి పెన్‌డ్రైవ్‌లోనే బయటికి వస్తాయి.