చ అక్షరం బొమ్మ కార్డులు: రెండేళ్లు వాడాక

మా అమ్మాయికి మూడున్నరేళ్లప్పుడు ఈ కార్డుల పెట్టె కొన్నాం. ఇప్పుడు దానికి అయిదున్నర. తమ్ముడికి రెండున్నర నిండింది, అదే పెట్టె వాడి చేతికి వచ్చింది. కొన్న వారానికే జనం రాసే సమీక్షలు నమ్మి నేను చాలాసార్లు నాలుక కరుచుకున్నాను. అందుకే ఇది రెండేళ్లు ఆగి రాస్తున్నాను.

ఒక అక్షరానికి ఒక పెట్టె. చ పెట్టెలో 24 కార్డులు. ముందువైపు బొమ్మ, ఎడమ మూలన పెద్ద చ, బొమ్మ కింద పదం. వెనకవైపు ఖాళీ. గోడ మీద అంటించే అక్షరమాల చార్టులో అక్షరానికి ఒక్క పదమే ఉంటుంది. చ అంటే చక్రం, జ అంటే జడ, అంతే. మా అమ్మాయి ఆ చార్టు చూసి కొన్నాళ్లు ఆ అక్షరం పేరే "చచక్రం" అనుకుంది. చక్రం అంటే ఏంటని అడిగితే "అదే" అని చార్టు వైపు వేలు పెట్టేది. మా స్కూటర్‌కి ఉన్నవి కూడా చక్రాలే అని దానికి తట్టనే లేదు. అప్పుడే ఈ పెట్టె కనబడింది. ఒకే అక్షరానికి ఇన్ని పదాలు అన్న ఆలోచన నచ్చి తీసుకున్నాం.

అట్ట గట్టిది, మూలలు గుండ్రంగా కోశారు. పైన పూత మాత్రం మరీ మెరుపు. లైటు కింద కూర్చుంటే బొమ్మ కనబడక పిల్ల తల అటూ ఇటూ తిప్పేది. పెట్టె మూత మూడు నెలల్లో పోయింది, రబ్బరు బ్యాండుతో నడిపిస్తున్నాం. వస్తువు గురించి చెప్పడానికి ఇంతే ఉంది.

మొదటి వారం తప్పు చేసింది నేనే. ఆఫీసు నుంచి రాగానే 24 కార్డులూ నేల మీద పరిచి "ఇదేంటి, ఇదేంటి" అని మొదలుపెట్టేవాణ్ని. అయిదో కార్డుకి అది లేచి వెళ్లిపోయేది. నాకు టెన్షన్, దానికి విసుగు. తర్వాత ఎక్కడో మూడు మెట్ల పద్ధతి గురించి చదివాను. ఎడ్వర్డ్ సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుడు తయారుచేసిన పద్ధతి అది. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి తన బడుల్లో వాడి అందరికీ తెలిసేలా చేసింది. మొదటి మెట్టులో పేరు చెప్పడం: "ఇది చీమ." రెండో మెట్టులో చూపించమనడం: "చీమ ఏది?" మూడో మెట్టులో అడగడం: "ఇదేంటి?" నేను వారమంతా నేరుగా మూడో మెట్టు మీదే నిలబడ్డానని అప్పుడు అర్థమైంది. పరీక్ష పెట్టాను తప్ప నేర్పిందేమీ లేదు.

ఆ తర్వాత రోజుకి మూడు కార్డులే తీశాం, ఎక్కువసేపు రెండో మెట్టు మీదే గడిపాం. చేపని తలగడ కింద దాచు. చిలుకని కిటికీలో కూర్చోబెట్టు. చీమని నా జేబులో వెయ్. ఇలా ఆడితే పది నిమిషాలు కూడా చాలేవి కాదు దానికి. ఇంకో సంగతి కూడా తెలిసింది: చేప, చాప ఒకే రోజు తీయకూడదు. చెంబు, చెంచా కూడా అంతే. దగ్గరగా వినిపించే రెండు కొత్త మాటలు ఒకేసారి ఇస్తే రెండూ కలిసిపోతాయి. రెండు రోజులు చేప మీద పడుకుంది, చాప నీళ్లలో ఈదింది.

పదాల ఎంపిక దగ్గర ఈ పెట్టెకి సగం మార్కులే ఇస్తాను. చెట్టు, చెవి, చేయి, చిలుక, చీమ, చేప, చొక్కా, చీపురు, చెప్పు బాగున్నాయి. పిల్లకి ముందే తెలిసినవో, చుట్టుపక్కల దొరికేవో. కానీ చంద్రుడు ఒక కార్డు, చందమామ ఇంకో కార్డు. రెండింటి మీదా అదే గుండ్రటి జాబిలి. ఒకదానికి కళ్లూ నోరూ గీశారు, అదే తేడా. చుక్క కార్డు మీద అయిదు కోణాల బొమ్మ చూసి "స్టార్" అంది. కాదమ్మా, చుక్క అన్నాను. మర్నాడు కుళాయి కింద నీటి చుక్క చూపించి "మరి ఇది?" అంది. ముగ్గులో పెట్టేది కూడా చుక్కే అని వాళ్లమ్మ కలిపింది. ఆకాశంలోది, కుళాయిలోది, నేల మీది ఒకే మాట ఎలా అయ్యాయన్న చర్చ వారం నడిచింది. కార్డు తయారుచేసినవాళ్లు ఇదంతా అనుకుని ఉండరుగానీ ఆ వారం బాగుంది. చామరం మాత్రం ఎందుకు పెట్టారో నాకిప్పటికీ అర్థం కాదు. పిల్ల దాన్ని చీపురు అంది, తప్పు పట్టలేకపోయాను.

చెప్పు కార్డుతో ఒక గోల. కార్డు ఎత్తి "చెప్పు" అన్నాను, అంటే పేరు చెప్పమని. "చెప్పు" అంది. సరిగ్గా చెప్పిందా, నా మాటే తిరిగి అప్పజెప్పిందా తెలియలేదు. "ఏంటో చెప్పు" అన్నాను. "చెప్పే!" అని అరిచింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా ఎవరినైనా "చెప్పు" అంటే ఒకరు పరిగెత్తి చెప్పు తెచ్చి ముందు పెడతారు.

పెట్టెలో ఉన్న అసలు లోటు ఏంటంటే, 24 పదాలూ వస్తువుల పేర్లో జంతువుల పేర్లో. చూడు, చెయ్, చాలు, చిన్న, చల్లగా, చీకటి, చప్పుడు, చివర, ఒక్కటీ లేదు. పిల్లలు రోజంతా వాడే చ మాటలు ఇవే. బొమ్మ గీయడం కష్టమని వదిలేసి ఉంటారు. చీకటికి బొమ్మ అక్కర్లేదు, లైటు ఆర్పితే చాలు. మా తమ్ముడుగారు ఒకరోజు చిరుత కార్డుని రెండు ముక్కలు చేశాడు. అక్క ఏడుస్తూ వచ్చి "నాన్నా, చిరుత చిరిగింది!" అంది. అని ఒక్క క్షణం ఆగి, "ఇది కూడా చ!" అని కళ్లు తుడుచుకుంది. ఆ మాట నేనెప్పుడూ కార్డు పెట్టి నేర్పలేదు. 1978లో కేరీ, బార్ట్‌లెట్ అనే పరిశోధకులు మూడు నాలుగేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒక ఆలివ్ రంగు ట్రే, ఒక నీలం ట్రే ఉన్న చోట "క్రోమియం ట్రే తీసుకురా, నీలంది కాదు" అని మామూలుగా పనిలో పనిగా అన్నారు. పాఠం చెప్పలేదు, అర్థం వివరించలేదు. అయినా చాలామంది పిల్లలు అదొక రంగు పేరని పట్టేశారు, కొందరికి రోజుల తర్వాత కూడా కొంత గుర్తుంది. చిరిగిన కార్డు దగ్గర నాకు ఆ ట్రే గుర్తొచ్చింది.

ఇక శబ్దం సంగతి. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే. చ పెట్టె నచ్చాక స పెట్టె కూడా కొన్నాం. రెండూ కలిపి, ఏ కార్డు ఏ అక్షరానిదో మూలన ఉన్న అక్షరం వేలితో మూసి, చెవితో విని వేరు చేసే ఆట పెట్టాను. నేను పదం అంటాను, అది కార్డుని చ కుప్పలోనో స కుప్పలోనో వేస్తుంది. చీమ, చేప, చెట్టు సరిగ్గా పడ్డాయి. చాప స కుప్పలో పడింది. చొక్కా కూడా. చుక్క కూడా. మూడుసార్లు దిద్దాను. నాలుగోసారి అది నా నోటి వైపు చూసి "నువ్వు అలాగే అంటున్నావు కదా" అంది.

నిజమే. నేను అలాగే అంటున్నాను. చీమలో నాలుక అంగిలికి తగులుతుంది. చాపలో పళ్ల వెనక్కి వస్తుంది, ట్స లాగా వినబడుతుంది. తెలుగులో చ ఒకటే అక్షరం, శబ్దాలు రెండు. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో మొదట్లోనే దీనికి నియమం ఉంది. అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ లతో కలిసిన చ తాలవ్యం (అంగిలి దగ్గర పలికేది), అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ లతో కలిసినది దంత్యం (పళ్ల దగ్గర పలికేది). సంస్కృతం నుంచి మారకుండా వచ్చిన మాటల్లో తాలవ్యమే, అందుకే చక్రంలో చ వేరు, చలిలో చ వేరు. పాత నిఘంటువుల్లో దంత్యానికి పైన చిన్న గుర్తు పెట్టి ౘ అని వేరుగా చూపేవారు. బడిలో నేను వ్యాకరణం చదివాను, మార్కులూ వచ్చాయి. నా నోట్లో జరిగేది నాకు చెప్పింది మాత్రం మూడున్నరేళ్ల పిల్ల.

పెట్టెలో ఈ రెండో చ ఉన్నవి ఆరు: చాప, చాకు, చుక్క, చూపుడు వేలు, చొక్కా, చదరంగం. ఎక్కడా ఒక్క మాట రాయలేదు. పెట్టె అడుగున ఒక కోడ్ ఉంది, ఫోన్‌తో స్కాన్ చేస్తే 24 పదాలూ వినబడతాయి. అందులో ఎవరో చాపని కూడా చీమలో చ పెట్టి చదివారు. కాగితం చూసి చదివినట్టు. నానమ్మ విని "ఎవరే ఆవిడ, చాపని చాప అనడం రాదా" అంది. (ఈ వాక్యం చదివినవాళ్లు రెండు చాపల్నీ వేర్వేరుగా పలికి ఉంటారని అనుకుంటున్నాను.) ఏడాది తర్వాత ఆ కోడ్ పనిచేయడం మానేసింది. కంపెనీకి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. పెద్ద నష్టమేం కాలేదు.

మేం చేసింది ఒకటే: కార్డుల్ని రెండు వరసలుగా పేర్చడం. మా అమ్మాయి పెట్టిన పేర్లు "చీమ చ", "చాప చ". అద్దం ముందు నిలబడి రెండూ పలికి, నాలుక ఎటు పోతుందో చూసుకునేది. చాక్లెట్ దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. చ తర్వాత "ఆ" అచ్చు ఉంది కాబట్టి చాప వరసలో పెట్టాలి, కానీ ఎవరూ అలా అనరు. చార్జర్ కూడా అంతే. ఇంగ్లీషు మాటలు నియమానికి లొంగవని చెప్తే "అయితే వాటికి చక్రం పక్కన చోటు ఇద్దాం" అంది. ఇలా మూడో వరస వచ్చింది. అన్నట్టు మా ఇంట్లో రోజుకి ఎక్కువసార్లు వినబడే చ మాట చార్జరే. అది పెట్టెలో లేదు.

చూపు దగ్గర ఇంకో ఇబ్బంది. మూలన ఉన్నది తలకట్టు ఉన్న చ. కింద పదం చూస్తే చీమలో గుడి దీర్ఘం, చేపలో ఏత్వం, చొక్కాలో ఒత్వం. తలకట్టు పోయి ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. "ఇందులో చ ఏది?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఉన్నదున్నట్టు చ కనబడేవి నాలుగే: చక్రం, చంద్రుడు, చందమామ, చదరంగం. చు, చూ లలో తలకట్టు అలాగే ఉంటుంది కాబట్టి చుక్క, చూపుడు వేలు ఫరవాలేదు. మూడేళ్ల పిల్లకి మాటలు నేర్పడానికే అయితే ఇది సమస్య కాదు, కింద రాసింది ఎవరూ చూడరు. చదవడం మొదలయ్యాక మాత్రం ఇదే పెట్టె అడ్డం వస్తుంది. మేం ఆ వయసులో పదాల మీద కాగితం అంటించి దాచేశాం. గుణింతం వచ్చాక ఒక్కొక్కటీ తీశాం. కాగితం ఊడదీయడం దానికి పండగ. పదాల్ని వెనకవైపు అచ్చు వేసి ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు.

ఆ ఖాళీ వెనకవైపే చివరికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. చంద్రుడు, చందమామల్లో ఒకటి, చామరం, చిరిగి టేపు వేసిన చిరుత, ఇలాంటివి తిప్పి స్కెచ్ పెన్నుతో మా సొంత కార్డులు చేసుకున్నాం. చార్జర్ మొదటిది. చెమటకి నుదుటి మీద మూడు నీలం చుక్కలు. చప్పట్లకి రెండు చేతులు, పక్కన మెరుపుల్లాంటి గీతలు. చిరాకు కార్డు మీద ఉన్నది నేనేనట, మంచం కింద కార్డు వెతుకుతున్నాను. మెరిసే పూత ముందువైపే ఉండటం వల్ల పెన్ను బాగా పట్టింది. కొన్నదాంట్లో ఇది కంపెనీ తెలియకుండా చేసిన మేలు.

ఇప్పుడు తమ్ముడి వంతు. వాడికి ఇంకా చ పలకదు. చీమ "తీమ", చేప "తేప". అక్క దిద్దబోతే మేం ఆపాం. వాడి నోట్లో త వచ్చినా చెవి మాత్రం సరిగ్గానే ఉంది. "తీమ ఏది?" అని నేను వాడిలాగే అడిగితే కోపంగా "తాదు, తీమ!" అంటాడు. వాడు అన్నది వాడికి చీమలాగే వినబడుతోంది, నేను అన్నదే తప్పు. కాబట్టి వాడితో రెండో మెట్టు దాటడం లేదు. చూపిస్తాడు, దాస్తాడు, జేబులో వేసుకుంటాడు. పేరు చెప్పమని అడగం.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. ఆ అర కార్డు వెనకవైపుకి. కొనేవాళ్లు ముందు వాళ్ల ఇంట్లో ఒకరోజంతా ఏ చ మాటలు వినబడుతున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. పది దాటితే కొనకపోయినా నడుస్తుంది, అట్టముక్కలూ పెన్నూ చాలు. జ పెట్టె మేం కొనలేదు. జడలోనూ జింకలోనూ జ ఒకటి కాదని మా అమ్మాయికి అప్పుడే అనుమానం వచ్చింది, తనే వరసలు మొదలుపెట్టింది.