హన్మకొండలో కొన్న బ్యాటరీ ప్రయోగాల పెట్టె: నిమ్మకాయ నుంచి మట్టి గురిగి దాకా

వేసవి సెలవులు మొదలైన వారంలో హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక స్టేషనరీ దుకాణానికి నోటు పుస్తకాల కోసం వెళ్లినప్పుడు, ఇంట్లో దొరికే వస్తువులతో బ్యాటరీ తయారు చేసుకోవచ్చని పైన రాసి ఉన్న ఒక అట్టపెట్టె కనిపించింది. ఎనిమిదో తరగతి పూర్తి చేసిన మా అమ్మాయి కోసం 380 రూపాయలు పెట్టి దాన్ని కొన్నాను. పరకాల వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను భౌతిక శాస్త్రం బోధిస్తాను. మా పిల్లలు వైజ్ఞానిక ప్రదర్శనకు ప్రతి ఏటా నిమ్మకాయ బ్యాటరీతోనే వస్తారు కాబట్టి, ఈ పెట్టెను పైపైన చూసి మెచ్చుకోవడమో తీసిపారేయడమో కాకుండా ఆరు వారాలు వాడి, ప్రతి ప్రయోగాన్నీ వోల్టేజినీ కరెంటునూ చూపే మల్టీమీటరుతో కొలిచి చూసిన తర్వాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

పెట్టెలో నాలుగు రాగి పట్టీలు, నాలుగు జింక్ పట్టీలు, రెండు చివర్లా క్లిప్పులున్న అయిదు వైర్లు, ఒక తెల్ల ఎల్‌ఈడీ, ఒక చిన్న డిజిటల్ గడియారం, పన్నెండు పేజీల పుస్తకం ఉన్నాయి. వైర్లు గట్టివి, క్లిప్పులు బాగా పట్టుకుంటాయి. గడియారాన్ని రెండు నిమ్మకాయలకు కలిపితే ఆరు రోజులు ఆగకుండా నడిచింది. దాని తెరకు అతి కొద్ది కరెంటు చాలు కాబట్టి నిమ్మకాయకు అది తగిన పని.

ఎల్‌ఈడీ విషయం అలా లేదు. రెండు నిమ్మకాయలతో దీపం వెలుగుతుందని పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు. మా అమ్మాయి ఆ బొమ్మలో ఉన్నట్టే అన్నీ కలిపి, వెలగకపోయేసరికి వైర్లు మార్చి, నిమ్మకాయలు మార్చి, చివరికి తనే ఏదో తప్పు చేశానని అనుకుంది. ఆమె తప్పేమీ లేదు. మా కొలతలో ఒక్కో నిమ్మకాయ 0.95 వోల్టులు ఇచ్చింది, అంటే రెండూ వరుసగా కలిపితే 1.9. తెల్ల ఎల్‌ఈడీ సరిగా వెలగాలంటే దాదాపు 3 వోల్టులు కావాలి. అదే ఎర్ర ఎల్‌ఈడీ అయితే సుమారు 1.8 వోల్టులకే వెలగడం మొదలుపెడుతుంది. తయారు చేసినవాళ్లు రెండు రూపాయల ఎర్ర దీపం పెట్టి ఉంటే, లేదా నాలుగు నిమ్మకాయలని రాసి ఉంటే, ఒక పిల్ల ఒక సాయంత్రమంతా దిగులు పడకుండా ఉండేది. నాలుగు నిమ్మకాయలు కలిపి, తలుపులు వేసి చీకటి చేసి చూస్తే తెల్ల దీపంలో సూదిమొన అంత వెలుగు కనిపించింది. బొమ్మలో చూపించిన వెలుగు మాత్రం నిమ్మకాయలతో రాదు.

ఎందుకు రాదో తెలుసుకోవడానికి మేము ఒక నిమ్మకాయ ఘటానికి (సెల్లుకు) వెయ్యి ఓముల నిరోధకం, అంటే కరెంటుకు అడ్డుపడే చిన్న భాగం, కలిపాము. అప్పటిదాకా 0.95 చూపిన మీటరు వెంటనే 0.4 వోల్టులకు పడిపోయింది. లెక్క వేస్తే నిమ్మకాయ అంతర్గత నిరోధం సుమారు 1,400 ఓములు, పారుతున్న కరెంటు 0.4 మిల్లీ ఆంపియర్లు. వోల్టులున్నాయి గాని కరెంటు పారడానికి దారి ఇరుకు. ఈ ఒక్క కొలత చూశాక మా అమ్మాయికి వోల్టేజికీ కరెంటుకూ ఉన్న తేడా తెలిసినంతగా నేను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీసి చెప్పినా తెలియలేదు. అందుకే ఈ పెట్టెలో అన్నిటికంటే పెద్ద లోటు మల్టీమీటరు లేకపోవడమే అంటాను. ఎలక్ట్రికల్ దుకాణాల్లో రెండు మూడు వందలకే దొరుకుతుంది, దాన్ని కూడా కొనకపోతే ఈ పెట్టెకు పెట్టిన డబ్బుకు సగం ఫలితం కూడా ఉండదు.

ఇక పుస్తకం. నిమ్మకాయలో విద్యుత్తు దాగి ఉంటుందని, పట్టీలు గుచ్చితే అది బయటికి వస్తుందని మొదటి పేజీలోనే రాశారు. ఇది తప్పు. శక్తి వచ్చేది జింక్ నుంచి. జింక్ కరిగి ఎలక్ట్రాన్లను వదులుతుంది, అవి వైరు గుండా రాగి పట్టీకి చేరతాయి, నిమ్మరసంలోని హైడ్రోజన్ అయాన్లు అక్కడ వాటిని అందుకుని సన్నని బుడగలుగా మారతాయి. రాగి తాను ఖర్చు కాదు, నిమ్మరసం దారినీ ఆ అయాన్లనూ ఇస్తుంది. ఈ మాటను పిల్లలు నమ్మాలంటే ఒక చిన్న పరీక్ష చాలు: ఒకే నిమ్మకాయలో రెండూ రాగి పట్టీలే గుచ్చితే మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. పండు అదే, రసం అదే, జింక్ లేదు గనుక విద్యుత్తు లేదు. పై పెచ్చు, తెలుగు పేజీల్లో జింక్‌ను మొదటి నుంచి చివరి దాకా తగరం అని రాశారు. తగరం అంటే వేరే లోహం. మన పెద్దలు జింక్‌ను తుత్తునాగమనీ యశదమనీ అన్నారు, పాఠ్యపుస్తకాల్లో జింక్ అనే ఉంటుంది. పిల్లలు చదివే పుస్తకంలో లోహం పేరే తప్పు ఉండటం నాకు చాలా బాధ కలిగించింది.

రాగి పట్టీల సంగతి రెండో వారంలో బయటపడింది. మరకలు పోవడానికి మా అమ్మాయి ఒక పట్టీని గరుకు కాగితంతో రుద్దుతూ, "నాన్నా, రాగి కింద తెల్లగా ఏదో వస్తుంది" అన్నది. తీసుకుని చూస్తే గోరంత మేర ఎర్రటి పూత పోయి బూడిద రంగు లోహం బయటపడి ఉంది. ఫ్రిజ్ తలుపుకు ఉండే అయస్కాంతం దగ్గరకు తెస్తే పట్టీ టక్కున అతుక్కుంది. రాగికి అయస్కాంతం అంటదు. అది రాగి పూత పూసిన ఇనుప రేకు. పూత పోయిన పట్టీతో నిమ్మకాయ ఘటం 0.95 నుంచి 0.6 వోల్టులకు దిగింది, మర్నాటికి ఆ చోట తుప్పు కూడా కనిపించింది. నాలుగింటిలో రెండు ఇలాంటివే. దుకాణానికి తీసుకుపోయి చూపిస్తే యజమాని వాదించలేదు, ఇంకో పెట్టె విప్పి అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోని పట్టీలు రెండు ఏరి ఇచ్చాడు. "గిట్ల ఉంటదని మాకు కూడ తెల్వది సార్, ఇగ ఆర్డర్ పెట్టేటప్పుడు చూసి తీసుకుంట" అన్నాడు. ఆయన తీరుకు నేను పూర్తి మార్కులే వేస్తాను. కొనేవాళ్లు మాత్రం జేబులో ఒక అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. మంచి పట్టీలు దొరకకపోయినా ఇబ్బంది లేదు, ఇంటి వైరింగులో మిగిలిన వైరు తొడుగు ఒలిచి చుట్టలుగా చుట్టుకుంటే అసలైన రాగి అదే.

పుస్తకంలో ఒక ప్రమాదకరమైన పేజీ కూడా ఉంది. కార్బన్ కడ్డీ కోసం పాత బ్యాటరీని పగలగొట్టమన్నారు, ఏ బ్యాటరీనో చెప్పలేదు. టార్చిలైట్లలో వేసే మామూలు జింక్-కార్బన్ సెల్లులో మధ్యన కార్బన్ కడ్డీ, చుట్టూ మాంగనీస్ డయాక్సైడు నల్ల పొడి, బయట జింక్ డబ్బా ఉంటాయి, పెద్దవాళ్లు జాగ్రత్తగా విప్పవచ్చు. ఆల్కలైన్ సెల్లులో చర్మాన్ని కాల్చే పొటాషియం హైడ్రాక్సైడు ఉంటుంది, ఫోన్ బ్యాటరీ అయితే పగలగొట్టగానే మంటే అంటుకోవచ్చు. ఈ పేజీని నేను చింపేశాను. మీరూ పిల్లల చేతికి ఇచ్చే ముందు చింపేయండి.

ఇన్ని లోపాలున్నా ఈ పెట్టెను నేను పక్కన పడేయలేదు. ఎందుకంటే దానిలో ఉన్న పట్టీలూ వైర్లూ పెట్టుకుని పుస్తకంలో లేని ప్రయోగాలు మొదలుపెట్టాక అసలు విషయం రుచి తెలిసింది. ఉప్పు కలిపిన చింతపండు గుజ్జులో పట్టీలు ముంచితే వోల్టేజి దాదాపు నిమ్మకాయకు వచ్చినంతే వచ్చింది గాని కరెంటు బాగా పెరిగింది. వోల్టేజిని ప్రధానంగా నిర్ణయించేది లోహాల జత అనీ, కరెంటు పట్టీ వైశాల్యం మీద, ద్రవం మీద ఆధారపడుతుందనీ దాంతో తేలిపోయింది. ఆలుగడ్డను ఉడికించి వాడితే పచ్చిదానికంటే ఎన్నో రెట్లు మెరుగ్గా పనిచేస్తుంది. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో పది రెట్ల వరకు శక్తి పెరుగుతుందని చూపించారు. మా వంటింట్లో పది రెట్లు కాలేదు గాని తేడా మీటరులో స్పష్టంగా తెలిసింది. ఇస్త్రీ బండి దగ్గర తెచ్చిన బొగ్గు నూరి, ఉప్పునీళ్లలో తడిపిన కాగితం మీద పోసి, కింద అల్యూమినియం ఫాయిల్ పెట్టి చేసిన ఘటం 0.7 వోల్టులు ఇచ్చింది. బొగ్గుపొడిని వేలితో గట్టిగా నొక్కిన ప్రతిసారీ కరెంటు పెరగడం, వదిలితే తగ్గడం చూసి మా అమ్మాయి చాలాసేపు దాన్ని వదల్లేదు. ఇక్కడ గాలిలోని ఆక్సిజన్ కూడా పని చేస్తుంది, ఒకటి రెండు రోజుల తర్వాత ఫాయిల్‌ను వెలుతురుకు పట్టి చూస్తే సన్నని చిల్లులు కనిపిస్తాయి. ఖర్చవుతున్నది ఏ లోహమో కంటితో చూడవచ్చు.

అన్నిటికంటే నన్ను సంతోషపెట్టింది మట్టి గురిగితో, అంటే చిన్న కుండతో, చేసిన ఘటం. వోల్టా 1800లో జింక్, రాగి బిళ్లలను ఉప్పునీటి గుడ్డలతో కలిపి దొంతరగా పేర్చి మొదటి బ్యాటరీ చేశాడు. దానిలోనూ మన నిమ్మకాయలోనూ ఒకటే లోపం: రాగి మీద హైడ్రోజన్ బుడగలు పేరుకుని కరెంటు తొందరగా పడిపోతుంది. 1836లో జాన్ ఫ్రెడరిక్ డేనియల్ రాగి పట్టీని కాపర్ సల్ఫేటు ద్రావణంలో ఉంచి ఆ లోపాన్ని తొలగించాడు. బుడగలకు బదులు రాగి మీద రాగే పేరుకుంటుంది. రెండు ద్రావణాలు కలిసిపోకుండా మధ్యన సన్నని రంధ్రాలున్న మట్టి పాత్ర పెట్టడం తర్వాత వాడుకైంది, అలాంటి ఘటాలతోనే టెలిగ్రాఫు తీగలు నడిచాయి. మనకు కాపర్ సల్ఫేటు అంటే మైలుతుత్తం, రైతులు పంట తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమానికి కొనేదే, ఎరువులు, మందుల దుకాణాల్లో దొరుకుతుంది. మట్టి పాత్ర కోసం కుమ్మరి దగ్గర పెయింటు వేయని చిన్న గురుగులు మూడు, ఒక్కోటి ఇరవై రూపాయలకు తెచ్చాను.

గురిగిని రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టాలి, లేకపోతే గోడ పొడిగా ఉండి కరెంటు పారదు. పొద్దున గాజు గ్లాసులో మైలుతుత్తం నీళ్లు పోసి, చుట్టూ రాగి పట్టీ వంచి పెట్టి, మధ్యలో గురిగి దించి, దానిలో ఉప్పునీళ్లు పోసి జింక్ పట్టీ నిలబెట్టాము. మీటరు 1.05 వోల్టులు చూపింది. నిమ్మకాయను కుప్పకూల్చిన అదే వెయ్యి ఓముల నిరోధకాన్ని కలిపితే 1.02కు మాత్రమే తగ్గింది. మూడు గురుగులు వరుసగా కలిపేసరికి, నెల రోజులుగా సరిగా వెలగని తెల్ల ఎల్‌ఈడీ పట్టపగలే కళ్లు చెదిరేలా వెలిగింది. అప్పుడు మా అమ్మాయి ముఖం చూశాక ఈ 380 రూపాయల గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. సాయంత్రానికి రాగి పట్టీ మీద కొత్తగా లేత ఎరుపు పొర పట్టింది. నీలం నీళ్లు కొద్దికొద్దిగా గురిగి గోడ దాటి రావడంతో జింక్ పట్టీ నల్లబడింది. అందుకే వాడుక అయిపోగానే విప్పి, కడిగి పెట్టుకోవాలి.

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నా మాట ఇది. ఆరో తరగతి దాటిన పిల్లలుండి, పక్కన కూర్చోవడానికి పెద్దవాళ్లకు తీరిక ఉంటే కొనండి. దాంతో పాటు మీటరు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ కూడా తీసుకోండి. పిల్లల చేతికి ఒంటరిగా ఇచ్చేట్టయితే ఈ పుస్తకంతో మాత్రం వద్దు. వైజ్ఞానిక ప్రదర్శనకు వెళ్లే పిల్లలు నిమ్మకాయను వదిలి గురిగితో వెళ్తే న్యాయనిర్ణేతలు అడిగే ప్రశ్నలకు చెప్పడానికి వాళ్ల దగ్గర ఎంతో ఉంటుంది.

పట్టీలు గుచ్చిన నిమ్మకాయల్లో, ఆలుగడ్డల్లో జింక్ కరిగి ఉంటుంది కాబట్టి వాటిని కూరకూ పులిహోరకూ వాడకూడదు. మైలుతుత్తం తాకిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ గ్లాసును మళ్లీ తాగడానికి వాడకూడదు. మిగిలిన నీలం నీళ్లను మోరీలో పారబోస్తే కిందికి పోయి చెరువులో చేపలకు విషమవుతుంది. మేము ఆ నీళ్లను ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి, ఇనుప మేకులు వేసి నీడన పెట్టాము. ఇనుము కరుగుతూ ద్రావణంలోని రాగిని బయటికి తోసేస్తుంది కాబట్టి మేకుల మీద ఎర్రటి రాగి పొర పట్టి, నీలం రోజురోజుకూ పలచబడుతూ వచ్చింది. నాలుగో రోజుకు నీళ్లలో లేత ఆకుపచ్చ ఛాయ మిగిలింది, అడుగున చేరిన రాగి పొడిని మా అమ్మాయి వడకట్టి ఒక చిన్న సీసాలో దాచుకుంది.