ఎక్కువ ఏడిపించేది ఏది, మాతృదేవోభవా జెర్సీనా?

మా అమ్మకేమో 1993లో వచ్చిన మాతృదేవోభవ సినిమా, నాకేమో 2019 జెర్సీ, మా నెల్లూరు ఇంట్లో ఈ పంచాయితీ ఎప్పటికీ తెగదబ్బా. మాతృదేవోభవలో తండ్రి పోతాడు, తల్లికి క్యాన్సర్, తను పోయేలోపు పిల్లల్ని ఒక్కొక్కరినే దత్తత ఇచ్చేస్తా ఉంటది, మాధవి యాక్టింగ్ గురించి చెప్పేదేముంది, దానికి తోడు కీరవాణి పాడిన రాలిపోయే పువ్వా, వేటూరికి నేషనల్ అవార్డు తెచ్చిన పాట, వంటింట్లో అమ్మ అది పాడుకుంటా ఉంటే నాకే గొంతు పట్టేస్తది. కానీ అన్నీ కష్టం మీద కష్టం, ఊపిరి పీల్చుకోనీదు, రెండోసారి చూడాలంటే నా వల్ల కాదు.

జెర్సీ అట్లా కాదు. ఎప్పుడో క్రికెట్ వదిలేసి, మళ్ళీ బ్యాట్ పట్టి టీంలో సెలెక్ట్ అయిన అర్జున్ (నాని) రైల్వే స్టేషన్‌కి పోయి, ట్రైన్ వచ్చిందాకా ఆగి, ఆ సౌండ్‌లో గొంతు చించుకుని అరుస్తాడు చూడండి, అది ఆనందమే, అయినా కళ్ళల్లో నీళ్ళు ఆగవు. వీఆర్సీ గ్రౌండ్‌లో సాయంత్రాలు మాతో ఆడి, ఉద్యోగం పెళ్ళి అయ్యాక బ్యాట్ పక్కన పెట్టేసిన అన్నలు ఎంతమందో, వాళ్ళకి ఆ సీన్ ఇంకా గట్టిగా తగులుద్ది. నాని ఫ్యాన్‌ని కాబట్టి చెప్పట్లేదు, నా ఓటు జెర్సీకే, పాట వరకైతే మాత్రం అమ్మ మాటే కరెక్ట్.