నెట్‌వర్క్ కేబుల్ కొంటున్నారా? తీగను గీకి చూడకుండా బాక్స్ తీసుకోకండి

నేను నెట్‌వర్క్ సపోర్ట్ పని చేస్తాను. ఈమధ్య ఆఫీసులో ఒక అంతస్తు మొత్తానికి కొత్త కేబుల్ వేయించాం. క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుళ్లలో ఒక రకం), పూర్తి రాగి అని చెప్పి అమ్మారు. తీరా చూస్తే లోపల ఉన్నది రాగి పూత పూసిన అల్యూమినియం, సీసీఏ అంటారే, అది. ఈ తిప్పలు మీలో ఇంకెవరికీ రాకూడదని రాస్తున్నాను.

లైన్లు లాగిన రోజు ఏ తేడా కనిపించలేదు. ఎనిమిది లైట్ల టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలిగాయి. తీగ కలిసిందా లేదా అన్నంతవరకే ఆ టెస్టర్ చెబుతుంది, అది ఏ లోహమో చెప్పదు. ఆ లైట్లు చూసే నేను సరే అనేశాను. తప్పు అక్కడే జరిగింది.

వారం తిరక్కుండానే ఫిర్యాదులు. వరండా చివర ఉన్న కెమెరా పగలంతా బాగానే పనిచేసేది, చీకటి పడగానే ఆగిపోయి మళ్లీ స్టార్ట్ అయ్యేది. స్విచ్ పోర్ట్ మార్చాను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను, చివరికి కెమెరానే మార్చాను. అయినా అదే వరస. మూడు రాత్రులు ఒకటే టెన్షన్. చీకట్లో కెమెరా ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వేసుకుంటుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. పీవోఈ కదా, అంటే పవర్ ఓవర్ ఈథర్నెట్, డేటాతో పాటు ఆ కరెంటు వచ్చేదీ ఈ కేబుల్‌లోనే. సీసీఏ తీగకు రెసిస్టెన్స్ రాగి కంటే సగానికి పైగా ఎక్కువ. వోల్టేజ్ దారిలోనే పడిపోతోంది.

కనెక్టర్ మళ్లీ క్రింప్ చేద్దామని (తీగ కొసకు బిగిద్దామని) కోస్తే అసలు విషయం బయటపడింది. తీగను బ్లేడుతో గీకాను. పైన ఎర్రటి పొర లేచిపోయి లోపల వెండిలా తెల్లగా మెరిసింది. నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరిగింది. మిగిలిన కేబుల్‌లో 100 మీటర్లు కొలిచి, ఒక జతను అవతలి కొసన కలిపి మల్టీమీటర్ పెట్టాను. 23 గేజ్ మందం రాగి అయితే 13, 14 ఓంలు రావాలి. 22 దాటింది.

అసలు క్యాట్ 6 ప్రమాణాలు సీసీఏను ఒప్పుకోవు. కాబట్టి ‘క్యాట్ 6 సీసీఏ’ అని రాసి అమ్మినా ఆ మాట చెల్లదు. మాకిచ్చిన బాక్స్ మీద ఆ మూడక్షరాలు కూడా లేవు. పీవోఈ ఉన్న చోట ఇది మరీ ప్రమాదం, ఇలాంటి కేబుళ్లు కట్టగా కట్టి సీలింగ్‌లో పడుకోబెడితే వేడెక్కుతాయి.

మీరు కొనేటప్పుడు బాక్స్ అక్కడే తెరిపించి, అడుగు ముక్క కోసి గీకి చూడండి. గీకనివ్వకపోతే కొనకండి. బరువూ చూడండి, సీసీఏ బాక్స్ చేతికే తేలిగ్గా తెలుస్తుంది. బిల్లు మీద ‘పూర్తి రాగి’ అని రాయించుకోండి. మేం రాయించుకోలేదు. అందుకే, అమ్మినవాళ్లు తెరవని బాక్సులు మాత్రం వెనక్కి తీసుకుని, లాగేసిన కేబుల్‌తో మాకు సంబంధం లేదన్నారు. ఇప్పుడు సీలింగ్ పలకలు ఒక్కొక్కటే దించి ఆ కేబులంతా బయటికి లాగుతున్నాం. కెమెరాల లైన్లు అయ్యాయి, డెస్కులవి ఇంకా మిగిలే ఉన్నాయి.