ఒక్క కణం, ఒక్క మైక్రోలీటరు: ఎంపాప్ పద్ధతి చాన్నాళ్లు వాడాక

సింగిల్ సెల్ ప్రోటియోమిక్స్, అంటే ఒక్కో కణంలోని ప్రోటీన్లని విడివిడిగా కొలవడం, చేస్తున్నామంటే చాలు, ఆ కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరు ఏ మోడల్ అనే అడుగుతారు. శాంపిల్ ఎలా తయారుచేస్తున్నారని అడిగేవాళ్లు తక్కువ. మనిషి కణం ఒక్కదాంట్లో ఉండే ప్రోటీన్ మామూలుగా కొన్ని వందల పికోగ్రాములే. ట్యూబు నుంచి ట్యూబుకి మారుస్తూ, మధ్యలో శుభ్రం చేస్తూ పోతే అందులో చాలా భాగం ప్లాస్టిక్ గోడలకే అంటుకుపోతుంది.

బోస్టన్‌లోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీలో స్లావోవ్ ల్యాబ్ తెచ్చిన శాంపిల్ తయారీ పద్ధతి ఎంపాప్‌లో ఈ మార్చడాలేవీ లేవు. 384 గుంటల ప్లేటు, గుంటకు ఒక మైక్రోలీటరు స్వచ్ఛమైన నీళ్లు, అందులో ఒక కణం. మైనస్ 80లో గడ్డకట్టించి, 90 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచితే కణం పగులుతుంది. ప్రోటీన్లని ముక్కలు చేసే ట్రిప్సిన్, ఏ ముక్క ఏ కణానిదో గుర్తుపెట్టే టీఎంటీ లేబుల్ కూడా అదే గుంటలో. డిటర్జెంట్ వాడలేదు కాబట్టి తర్వాత తీసేసే బాధ లేదు.

టెన్షనంతా ఆ మైక్రోలీటరు గురించే. వేడి చేశాక ప్లేటుని ఏటవాలుగా లైటు కింద పట్టుకుని చూడండి. గుంట అడుగున బొట్టు మెరవాలి. లేదంటే ప్లేటు మీద అంటించిన మూత, అదే సీలు, లోపలి వైపున సన్నటి తేమగా పట్టి ఉంటుంది. అలాగే సీలు లాగితే బొట్టు దాంతోపాటే పోతుంది, పక్క గుంటలో పడినా పడొచ్చు. ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కిందికి దించాలి. ప్లేటుని వేడిచేసే యంత్రం, థర్మల్ సైక్లర్, మూత కూడా వేడిగా ఉండాలి. అంచు గుంటలు తొందరగా ఆరిపోతాయి, విలువైన కణాలు అక్కడ వేయకండి.

కణాలని పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో బాగా కడగకపోతే, వాటిని పెంచిన మీడియంలోని ఆల్బుమిన్ ప్రోటీనే అంతటా కనిపిస్తుంది. చర్మం నుంచీ ఉన్ని నుంచీ రాలే కెరాటిన్ ప్రోటీన్ సంగతి సరేసరి, స్వెట్టర్ వేసుకుని ఆ బెంచి దగ్గరికి ఎవరినీ రానివ్వను. కణం లేకుండా మిగతావన్నీ వేసిన ఖాళీ గుంటలు ప్రతి ప్లేటులో తప్పనిసరి.

ఇలా తయారైన శాంపిళ్లని కొలిచే స్కోప్-2 పద్ధతిలో, సిగ్నల్ బలపడేందుకు 200 కణాల ప్రోటీన్‌ని క్యారియర్‌గా కలుపుతారు. దాన్ని ఇంకా పెంచితే గుర్తించే ప్రోటీన్లు పెరగొచ్చు గానీ కొలతల కచ్చితత్వం దెబ్బతింటుంది. నేను పెంచను.

గట్టి కణాలకీ, పొర ప్రోటీన్లకీ ఉత్త నీళ్లు చాలవనిపిస్తుంది. అలాంటప్పుడు కొంచెం డీడీఎం అనే డిటర్జెంట్ వేస్తాను, అది మాస్ స్పెక్‌కి పెద్దగా అడ్డు రాదు. అదే ల్యాబ్ తర్వాత తెచ్చిన ఎన్‌పాప్‌లో గాజు పలక మీద నానోలీటరు బొట్లలోనే పనంతా అయిపోతుంది, కానీ దానికి బొట్లు వేసే రోబో కావాలి. కొనే స్తోమత ఉంటే నేరుగా దానికే వెళ్లండి. కణాలని ఒక్కొక్కటిగా గుంటల్లో వేసే సార్టరూ థర్మల్ సైక్లరూ ఉండి, చిన్న డిస్పెన్సర్ ఒకటి సంపాదించగలిగితే ఎంపాప్ చాలు. ఇంత చిన్న మోతాదులు చేత్తో పిపెట్ చేయాలని మాత్రం చూడకండి. సీలు దగ్గర పొదుపూ వద్దు. మాకు వచ్చిన ఒక లాటు మూలల్లో ఊడిపోతుంటే సప్లయర్నే మార్చాం.